విచక్షణ ట్రస్టులో లబ్ధిదారుకు నిజంగా ఉన్న హక్కులేమిటి? ట్రస్టీ లెక్క చూపించకపోతే దారేది?

కొత్తపుట:
ఒక ప్రైవేటు కుటుంబ ట్రస్టు డీడ్ (ట్రస్టును ఏర్పరిచిన పత్రం) గురించి అడుగుతున్నాను. “ట్రస్టీలు తమ సంపూర్ణ, అనియంత్రిత విచక్షణ మేరకు లబ్ధిదారుల్లో ఎవరికైనా, ఎంతైనా, ఎప్పుడైనా చెల్లించవచ్చు” అని అందులో ఉంది. లబ్ధిదారులు ట్రస్టు పెట్టినాయన ముగ్గురు పిల్లలు, వాళ్ల సంతానం, ఇకపై పుట్టబోయే సంతానం. ట్రస్టీలు ఇద్దరు. వాళ్లలో ఒకరు లబ్ధిదారు కూడా. ఆస్తి అంటే అద్దెకిచ్చిన ఒక వాణిజ్య భవనం, కొన్ని మ్యూచువల్ ఫండ్లు. నా ప్రశ్నలు ఇవి: మూడో వంతు వాటా అడిగే హక్కు ఉంటుందా? లెక్కలు చూపించమంటే చూపించి తీరాలా? ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే కారణం చెప్పాలా? అందరూ కలిసి ట్రస్టు మూసేయమంటే మూసేయాలా?

వకాల్తా:
మొదటి ప్రశ్నకు జవాబు: లేదండి. ఇలా ఎవరికి ఎంతివ్వాలో ట్రస్టీల ఇష్టానికి వదిలేసిన దాన్నే విచక్షణ ట్రస్టు అంటారు. అందులో ఏ ఒక్కరికీ “వాటా” ఉండదు. ట్రస్టీ ఇవ్వాలని నిర్ణయించి ఇచ్చేదాకా ఆస్తిలో గానీ ఆదాయంలో గానీ ఇంత నాది అనడానికి వీల్లేదు. గార్ట్‌సైడ్ కేసులో అప్పటి ఇంగ్లండు అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇదే తేల్చింది. మన సుప్రీంకోర్టు కూడా 2014లో గోండల్ మహారాజా ఎస్టేటు సంపద పన్ను కేసులో, ట్రస్టీలు పంచని ఆదాయాన్ని లబ్ధిదారు సంపదగా లెక్కకట్టడం కుదరదన్నది.

అంతమాత్రాన చేతిలో ఏమీ లేదనుకోవద్దు. మీ పేరును నిజాయితీగా పరిశీలించాలని అడిగే హక్కు ఉంది. ట్రస్టు ఆస్తిని సరిగా కాపాడమని అడిగే హక్కు ఉంది. లెక్క చూసే హక్కు ఉంది. ఈ మూడిట్లో చివరిదే తాళంచెవి. లెక్క చేతికి రానంతవరకు మిగతా రెండు హక్కులకు భంగం కలిగిందో లేదో తెలుసుకునే మార్గమే ఉండదు.

1882 ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్‌లో ముందుగా చదవాల్సినవి 19, 49, 57 సెక్షన్లు. 19 ప్రకారం ట్రస్టీ స్పష్టమైన, కచ్చితమైన లెక్కలు ఉంచాలి. లబ్ధిదారు అడిగినప్పుడు, తగిన సమయాల్లో, ఆస్తి ఎంత ఉందో, ఏ స్థితిలో ఉందో పూర్తి సమాచారం ఇవ్వాలి. 57 ప్రకారం ట్రస్టు డీడ్, కేవలం ట్రస్టు ఆస్తికి సంబంధించిన హక్కు పత్రాలు, లెక్కలు, వాటికి ఆధారమైన వోచర్లు, ట్రస్టు పనికోసం ట్రస్టీ తీసుకున్న న్యాయ సలహాలు, అన్నీ చూడవచ్చు, నకళ్లు తీసుకోవచ్చు. విచక్షణను సహేతుకంగా, సద్బుద్ధితో వాడకపోతే ప్రధాన సివిల్ కోర్టు దాన్ని అదుపు చేయవచ్చని 49 చెబుతుంది.

నిలకడ:
ఒక అనుమానం. వాటా లేనివాడు 57వ సెక్షన్ కింద “లబ్ధిదారు” అవుతాడా? ట్రస్టీ తరఫు లాయర్లు మొదట లేవనెత్తే అభ్యంతరం ఇదే.

వకాల్తా:
అవుతాడు. 3వ సెక్షన్ చూడండి. ఎవరి మేలు కోసం ఆ నమ్మకాన్ని స్వీకరించారో ఆ వ్యక్తి లబ్ధిదారు, అంతే. స్థిరమైన వాటా ఉండాలన్న షరతు అక్కడ లేదు. లబ్ధిదారు ప్రయోజనం అంటే “ట్రస్టు ఆస్తి యజమానిగా ఉన్న ట్రస్టీ మీద ఉన్న హక్కు” అని కూడా అదే సెక్షన్ చెబుతుంది. 2003లో ష్మిట్ వర్సెస్ రోజ్‌వుడ్ కేసులో ప్రివీ కౌన్సిల్ (లండన్‌లోని అప్పీలు న్యాయస్థానం) కూడా, పత్రాలు చూడాలంటే స్థిరమైన వాటా ఉండాల్సిన పనిలేదు, ట్రస్టుల మీద కోర్టుకున్న పర్యవేక్షణాధికారమే దీనికి ఆధారం అన్నది. అది ఇంగ్లండు పద్ధతి. అక్కడ ఏ పత్రం ఇవ్వాలో కోర్టు బేరీజు వేస్తుంది. ఇక్కడ శాసనమే హక్కు ఇచ్చింది కాబట్టి మన స్థానం ఇంకా గట్టిది.

అయితే ఈ చట్టం ప్రైవేటు ట్రస్టులకే. వక్ఫులకు, ధార్మిక, దాన ధర్మ ట్రస్టులకు వర్తించదు. వాటిదారి వేరు, దాన్ని ఇక్కడ కలపొద్దు.

పద్దుపుస్తకం:
లెక్కలు అడగడం ఒక ఎత్తు, వచ్చినవాటిని చదవడం మరో ఎత్తు. “లెక్కలు ఇవ్వండి” అని ఒక్క వాక్యం రాస్తే రెండు పేజీల బ్యాలెన్స్ షీటు పంపి చేతులు దులుపుకుంటారు. విడివిడిగా అడగండి. ఈ ట్రస్టుకైతే:

కిరాయిదారుల జాబితా, ప్రతి అద్దె ఒప్పందం నకలు, అడ్వాన్సు డిపాజిట్ల వివరం. ట్రస్టు బ్యాంకు ఖాతాలన్నిటి స్టేట్‌మెంట్లు, కనీసం గత 3 ఆర్థిక సంవత్సరాలవి. ట్రస్టు పాన్ మీద వచ్చే 26ఏఎస్ (కోసిన పన్నుల పట్టిక), ఏఐఎస్ (పన్ను శాఖ దగ్గరున్న ఏడాది లావాదేవీల సమాచారం). దాఖలు చేసిన పన్ను రిటర్నులు. మ్యూచువల్ ఫండ్ల ఏకీకృత స్టేట్‌మెంటు. ఏ లబ్ధిదారుకు ఏ తేదీన ఎంత ఇచ్చారో పేరుపేరునా పట్టిక. మరమ్మతులు, ఆస్తి పన్ను, బీమా వోచర్లు. ట్రస్టీల పేరిట ఉన్న అప్పులు, అడ్వాన్సులు, ఖర్చుల తిరిగి చెల్లింపులు.

26ఏఎస్ ఎందుకంటే, వాణిజ్య భవనం అద్దె మీద కిరాయిదారు టీడీఎస్ కోసి ఉంటే, ఎవరు ఎంత అద్దె చెల్లించారో అక్కడ మొత్తంగా కనిపిస్తుంది. బ్యాంకులో పడింది 8 నెలల అద్దె, 26ఏఎస్‌లో 12 నెలలు అనుకోండి, ఆ 4 నెలలది ఇంకా బాకీ ఉందో, వేరే ఖాతాలోకి వెళ్లిందో తేల్చాలన్నమాట. పుస్తకంలో ఎంత చక్కగా రాసినా ఈ తేడా దాగదు. కిరాయిదారు టీడీఎస్ కోయకపోతే ఈ పరీక్ష పనిచేయదు. అప్పుడు ఒప్పందాల్లోని అద్దెను నెలలతో హెచ్చించి బ్యాంకు జమలతో పోల్చాలి.

“ఆడిట్ అయింది కదా” అన్న జవాబుతో ఆగిపోకండి. చట్టం వోచర్ల దాకా చూసే హక్కు ఇచ్చింది. ఆడిట్ నివేదిక వోచరు కాదు.

ధర్మపీఠం:
ట్రస్టీ వైపు నుంచి కూడా ఒక మాట. నకళ్ల ఖర్చు లబ్ధిదారు భరించడం సబబు. చూడటానికి పనివేళల్లో ఒక తేదీ ముందే అనుకోవాలి. ఆరు నెలలకోసారి అడిగితే ఎవరూ కాదనలేరు. వారానికో ఉత్తరం వస్తే “తగిన సమయం” అన్న మాటను పట్టుకుని నిరాకరించే అవకాశం మీరే ట్రస్టీకి ఇచ్చినట్టు. మంచి ట్రస్టీ అయితే ఏటా మార్చి 31 తర్వాత అడగకుండానే పంపిస్తాడు. గొడవలు సగం అక్కడే ఆగిపోతాయి.

వకాల్తా:
ధర్మపీఠం గారు చెప్పింది నిజం. ఇక మూడో ప్రశ్న, కారణాలు. ఇక్కడ లబ్ధిదారులు ఎక్కువగా తప్పటడుగు వేస్తారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

విచక్షణతో తీసుకున్న నిర్ణయానికి ట్రస్టీ కారణం చెప్పనక్కర్లేదన్నది పాత సూత్రం. లండన్‌డెర్రీ సెటిల్‌మెంటు కేసులో ఇంగ్లండు అప్పీలు కోర్టు, ట్రస్టీలు తమలో తాము జరిపిన చర్చల మినిట్స్ చూపించాల్సిన పనిలేదన్నది. ట్రస్టు పెట్టినాయన విడిగా రాసిచ్చిన కోరికల లేఖను కూడా 2008 బ్రేక్‌స్పియర్ కేసులో సాధారణంగా గోప్యమైనదిగానే చూశారు. మన 57వ సెక్షన్ జాబితాలోనూ ఈ రెండూ లేవు. అందుకే “నాకు ఎందుకు ఇవ్వలేదు?” అని రాస్తే “విచక్షణ” అని ఒక్క మాటలో జవాబు వస్తుంది, అది న్యాయమైన జవాబే.

ప్రశ్న మార్చండి. “ఫలానా తేదీన నేను పెట్టుకున్న అర్జీని ట్రస్టీలు ఏ తేదీన పరిశీలించారు? ఇద్దరూ పాల్గొన్నారా? నా అవసరం గురించి ఏ సమాచారం వాళ్ల ముందు ఉంది?” ఇవి కారణాలు కావు, పరిశీలన జరిగిందా లేదా అన్న వాస్తవాలు. జవాబు చెప్పకపోతే ఆ మౌనమే తర్వాత కోర్టులో పనికొస్తుంది. ట్రస్టీ తనంతట తాను కారణాలు రాసి పంపితే మీకు మరీ మంచిది. చెప్పిన కారణాలను కోర్టు తూకం వేయవచ్చన్నది 1851 నాటి బెలవ్డ్ విల్క్స్ కేసు నుంచీ ఉన్న మాట.

కోర్టు జోక్యం చేసుకునే సందర్భాలు కొన్నే. ఒకటి, ట్రస్టీలు అసలు పరిశీలించకపోవడం. టర్నర్ కేసులో ట్రస్టు పెట్టినాయన ముందుంచిన కాగితాల మీద ట్రస్టీలు చదవకుండా సంతకాలు పెట్టారు, ఆ చెల్లింపు పత్రాలు చెల్లవన్నారు. రెండు, సంబంధం లేని కోపంతో నిరాకరించడం. 1918 క్లగ్ కేసులో తన అనుమతి లేకుండా పెళ్లి చేసుకుందని కూతురికి సొమ్ము ఆపిన తల్లి ట్రస్టీ మాట కాదని కోర్టు చెల్లింపు చేయించింది. మూడు, లబ్ధిదారు పేరున ఇచ్చి వేరేవాళ్లకు మళ్లించడం. అంటే అధికారాన్ని ఇచ్చిన పనికి కాక మరో పనికి వాడటం. నాలుగు, ఒక్క ట్రస్టీయే నిర్ణయించడం. మన 48వ సెక్షన్ ప్రకారం డీడ్ వేరే విధంగా చెప్పకపోతే ట్రస్టీలందరూ కలిసే చేయాలి. కోర్టు “నేనైతే ఇంకా ఎక్కువ ఇచ్చేదాన్ని” అని మాత్రం అనదు. సహేతుకంగా, సద్బుద్ధితో వాడిన విచక్షణను కోర్టు అదుపు చేయడానికి వీల్లేదని 17వ సెక్షన్ కూడా చెబుతోంది.

కొత్తపుట:
డీడ్‌లో “సంపూర్ణ, అనియంత్రిత” అన్న మాటలు ఉన్నాయి కదా. అవి 49వ సెక్షన్‌ను పక్కన పెట్టేస్తాయా?

వకాల్తా:
పెట్టవు. ఆ మాటలు ఎంపికలో స్వేచ్ఛను పెంచుతాయి. దురుద్దేశానికి రక్షణ ఇవ్వవు.

నిలకడ:
అర్జీ గురించి ఎవరూ విడిగా రాయలేదు. ట్రస్టీ తన ముందున్నదాన్నే పరిశీలించగలడు. చాలామంది ఫోనులో అడిగి, లేదనిపించుకుని, అక్కడితో వదిలేస్తారు. కాగితం మీద పెట్టండి: ఎంత కావాలి, దేనికి (ఫీజు, వైద్యం, ఇల్లు), ఎప్పటిలోగా, దానికి ఆధారపత్రం, సొంత ఆదాయం, ఇంతకుముందు ట్రస్టు నుంచి అందుకున్నవి. డీడ్‌లో “చదువు, పోషణ, ఆరోగ్యం” వంటి మాటలుంటే అవే మాటలు వాడి, ఏ క్లాజు కింద అడుగుతున్నారో రాయండి. రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో ఇద్దరు ట్రస్టీలకూ విడివిడిగా పంపండి. ఒకరికే పంపితే రెండోవారు “నాకు తెలియదు” అంటారు.

పద్దుపుస్తకం:
డీడ్ నకలే ఇవ్వకపోతే? ఈ ట్రస్టులో భవనం ఉంది. స్థిరాస్తి మీద ట్రస్టు, వీలునామా ద్వారా కాకపోతే, రాతపూర్వకంగా, రిజిస్టరై ఉండాలి (5వ సెక్షన్). స్థిరాస్తి పత్రాలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో మొదటి పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకం నుంచి రుసుము కట్టి ఎవరైనా సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. ట్రస్టీ దయ అక్కర్లేదు. ముందు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించండి, పత్రం నంబరు అందులో దొరుకుతుంది. తర్వాతి సవరణ పత్రాలు కూడా తప్పకుండా వెతకండి. లబ్ధిదారులను చేర్చే, తీసేసే అధికారం కొన్ని డీడ్లలో ఉంటుంది. పేరు తీసేశారన్న సంగతి లబ్ధిదారుకు అలాగే తెలుస్తుంటుంది.

ధర్మపీఠం:
డీడ్ చేతికొచ్చాక ఇంకొకటి చూడండి. ఏడాది ఆదాయం మొత్తం ఎవరో ఒకరికి పంచి తీరాలా, లేక కూడబెట్టుకోవచ్చా? పంచి తీరాలని ఉంటే ఎవరికి ఇవ్వాలన్నదే విచక్షణ, ఇవ్వాలా వద్దా అన్నది కాదు. అప్పుడు ఖాతాలో ఏళ్ల తరబడి ఆదాయం పేరుకుపోవడమే ట్రస్టు ఉల్లంఘన. కూడబెట్టే అధికారం ఉంటే ఆ వాదన నిలవదు. అయితే ఆ కూడబెట్టడానికి కూడా ఆస్తి బదిలీ చట్టం 17వ సెక్షన్ గడువు పెట్టింది. బదిలీ చేసినవారి జీవితకాలం, లేదా బదిలీ తేదీ నుంచి 18 ఏళ్లు, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. అప్పులు తీర్చడం లాంటి కొన్నిటికి మినహాయింపులున్నాయి.

తాంబూలం:
నాలుగో ప్రశ్నకు: లబ్ధిదారులందరూ ఒక్కమాట మీద ఉంటే 56వ సెక్షన్ కింద ఆస్తి బదిలీ చేయమనవచ్చు. ముగ్గురు పిల్లలూ సంతకం చేస్తే సరిపోతుంది కదా?

వకాల్తా:
ఈ డీడ్‌కు సరిపోదు తాంబూలం గారూ. 56 అడిగేది లబ్ధిదారులందరూ, అందరూ ఒప్పందం చేసుకునే అర్హత ఉన్నవాళ్లు, అందరూ ఏకాభిప్రాయంతో. ఇక్కడ మనవలు ఉన్నారు, మైనర్లు ఉండొచ్చు, పుట్టబోయేవాళ్లూ ఉన్నారు. పుట్టనివాళ్ల తరఫున తల్లిదండ్రులు సంతకం పెట్టడం కుదరదు. ముగ్గురి మాట విని ట్రస్టీలు ఆస్తి పంచేస్తే, రేపు మేజరైన మనవరాలు ఆ ట్రస్టీల మీద సొంత జేబులోంచి కట్టమని దావా వేయవచ్చు. ఆ ఉల్లంఘనలో చేయి కలిపిన లబ్ధిదారుల ప్రయోజనాన్ని జప్తు చేయించే హక్కు మిగతావాళ్లకు 68వ సెక్షన్ ఇస్తుంది. పేర్లతో రాసిన, అందరూ మేజర్లయిన, ఇక ఎవరూ చేరే వీల్లేని లబ్ధిదారుల బృందం అయితే విచక్షణ ట్రస్టులోనూ అందరూ కలిసి అడగవచ్చు.

కొత్తపుట:
ఇంకో సంగతి. లబ్ధిదారు కూడా అయిన ట్రస్టీ భవనంలో ఒక అంతస్తును తన వ్యాపారానికే వాడుకుంటున్నట్టు లెక్కల్లో తేలితే? ట్రస్టు నుంచి చేబదులు కూడా ఉంటే?

వకాల్తా:
అప్పుడు విచక్షణ అన్న మాటే ఉండదు, నేరుగా చట్టం అడ్డొస్తుంది. ట్రస్టు ఆస్తిని ట్రస్టీ కొనడం, తనఖా పెట్టించుకోవడం, అద్దెకు తీసుకోవడం ప్రధాన సివిల్ కోర్టు అనుమతి లేనిదే కుదరదు (53వ సెక్షన్). లబ్ధిదారుకు స్పష్టంగా లాభమని తేలితేనే ఆ అనుమతి. ట్రస్టు డబ్బును పెట్టుబడిగా అప్పివ్వాల్సిన ట్రస్టీలు ఆ డబ్బును తమలో ఒకరికే అప్పివ్వకూడదు (54). ట్రస్టు ఆస్తిని సొంత లాభానికి వాడుకోకూడదు (51). డీడ్‌లో లేకుండా, బాధ్యత తీసుకునేటప్పుడు లబ్ధిదారుతో గానీ కోర్టుతో గానీ ఒప్పందం లేకుండా తన శ్రమకు జీతం తీసుకోకూడదు (50). పరిశీలన జరిగిందో లేదో నిరూపించడం కష్టం. ఇవి మాత్రం కాగితం మీద కనిపిస్తాయి. అందుకే ముందు వీటినే వెతకమంటాను.

“నేను చేయలేదు, తోటి ట్రస్టీ చేశాడు” అని రెండో ట్రస్టీ అన్నంత మాత్రాన ప్రతిసారీ రక్షణ దొరకదు. తోటి ట్రస్టీ ఉల్లంఘిస్తున్నాడని తెలిసి దాచినా, లబ్ధిదారుల్ని కాపాడే చర్య తగిన వ్యవధిలో తీసుకోకపోయినా రెండోవాడికీ బాధ్యత అంటుకుంటుంది.

పద్దుపుస్తకం:
పన్ను సంగతి. ఎవరి వాటా ఎంతో తెలియని ట్రస్టు ఆదాయానికి 1961 ఆదాయపు పన్ను చట్టం 164వ సెక్షన్ గరిష్ఠ రేటు వేసింది. వీలునామా ద్వారా ఏర్పడ్డ ఒకే ఒక్క ట్రస్టు వంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి అక్కడ సెక్షన్ నంబర్లు వేరు. ఆ ఏడాదే పంచేసిన ఆదాయాన్ని లబ్ధిదారు చేతిలో కూడా పన్ను వేసే ఎంపిక శాఖకు ఉందని 1994లో కమలినీ ఖటావ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి చెల్లింపు అందుకున్నప్పుడు ట్రస్టీ నుంచి ఒక లేఖ తీసుకోండి: ఇది ఏ ఏడాది ఆదాయం, లేక మూలధనమా, దీని మీద ట్రస్టు పన్ను కట్టిందా. నోటీసు వచ్చాక ఆ లేఖ కోసం వెతకడం కష్టం.

నిలకడ:
లబ్ధిదారుకు అప్పులుంటే అప్పులవాళ్లు ట్రస్టు ఆస్తిని జప్తు చేయగలరా అని కూడా చాలామంది అడుగుతారు. ట్రస్టీ ఇవ్వకముందు ఉన్నది కేవలం అవకాశం. అలాంటి అవకాశాన్ని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు నుంచి తప్పించింది. డబ్బు లబ్ధిదారు ఖాతాలో పడ్డాక మాత్రం మామూలు డబ్బే.

తాంబూలం:
డీడ్‌లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) క్లాజు ఉంటే కోర్టుకు వెళ్లకూడదు కదా?

వకాల్తా:
వెళ్లవచ్చు, కోర్టుకే వెళ్లాలి. 2016లో విమల్ కిషోర్ షా కేసులో సుప్రీంకోర్టు ట్రస్టు డీడ్ వివాదాలు ఆర్బిట్రేషన్‌కు వెళ్లవని తేల్చింది. లబ్ధిదారులు ఆ డీడ్ మీద సంతకం చేసినవాళ్లు కారు, పైగా ట్రస్టు చట్టమే పరిహారాలన్నీ ఇచ్చింది.

కోర్టు దాకా వస్తే వరస ఇలా పెట్టుకోండి. మొదట 19, 57 పేర్కొంటూ రాతపూర్వక అభ్యర్థన, 30 రోజుల గడువు. ఆ గడువు చట్టం పెట్టింది కాదు, సహేతుకంగా కనిపించడానికే. జవాబు రాకపోతే లాయరు నోటీసు. ఆ తర్వాత 61వ సెక్షన్ కింద లెక్కలు అప్పగించమని, జరగబోయే ఉల్లంఘనను ఆపమని దావా. భవనం అమ్మే సూచన ఉంటే దావాతోపాటే మధ్యంతర ఇంజంక్షన్ (అమ్మకాన్ని తాత్కాలికంగా ఆపే ఉత్తర్వు) కోసం అర్జీ వేయాలి. వెల చెల్లించి, ట్రస్టు సంగతి తెలియకుండా, నిజాయితీగా కొన్నవాడి చేతికి ఆస్తి వెళ్లాక వెనక్కి రాదు (64). లబ్ధిదారు మైనరైతే తన తరఫున నిలబడే పెద్దవారు (నెక్స్ట్ ఫ్రెండ్) దావా వేస్తారు. ట్రస్టీ తొలగింపు అడిగేటట్టయితే ప్రయోజనాల సంఘర్షణ గురించి 60, 73 సెక్షన్లు చదవండి. ఖాళీ ఏర్పడి 73 ప్రకారం కొత్త ట్రస్టీని నియమించడం సాధ్యపడకపోతే 74 కింద దావా లేకుండా పిటిషన్‌తోనే కోర్టును అడగవచ్చు.

గడువు గురించి భయపడి తొందరపడే వాళ్లున్నారు. ఎక్స్‌ప్రెస్ ట్రస్టీ (ఇలా డీడ్‌తో స్పష్టంగా ఏర్పడ్డ ట్రస్టు ట్రస్టీ) చేతిలో ఉన్న ట్రస్టు ఆస్తి కోసం, దాని లెక్కల కోసం వేసే దావాకు లిమిటేషన్ చట్టం 10వ సెక్షన్ ప్రకారం కాలపరిమితి అడ్డు రాదు. కానీ వెల చెల్లించి కొన్న మూడోవాడి మీద వేసే దావాకు ఆ రక్షణ లేదు.

ధర్మపీఠం:
పోలీసు ఫిర్యాదుతో మొదలుపెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. నమ్మకద్రోహం నేరమే, భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్. కానీ వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు చేతిలో లేకుండా వెళ్తే “సివిల్ వివాదం” అని పక్కన పెట్టే అవకాశమే ఎక్కువ. ముందు లెక్క రాబట్టండి. తేడా అంకెల్లో కనిపించాక ఫిర్యాదు వేరుగా ఉంటుంది.

కొత్తపుట:
ముందు ఈసీ, డీడ్ కాపీ తీయించి, తర్వాత లెక్కల అభ్యర్థన ఇద్దరు ట్రస్టీలకూ పంపాలి, అంతేనా? కోరికల లేఖ అడగడం దండగా?

వకాల్తా:
వరస అదే. లేఖ ఒకసారి అడగండి, ఇవ్వకపోతే దాని మీద పోరాడొద్దు. డీడ్‌లోనే ఆ లేఖను ప్రస్తావించి “దాని ప్రకారం” అని రాసి ఉంటే అది ట్రస్టు పత్రంలో భాగమని వాదించే వీలుంది. ఆ మాట కోసం క్లాజులు, షెడ్యూళ్లు రెండూ చదవండి.